మీకు తెలుసా? క్షిపణి పదార్థంతో పిల్లలకు కాలిపర్లు

కాలిపర్ ఊతంతో నడవాల్సిన కాలికి బరువే శత్రువు. పంజాగుట్ట నిమ్స్‌లోని ఎముకల వైద్యుడొకరు హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలలో అగ్ని క్షిపణి కోసం చేసిన పదార్థాన్ని ఎత్తి చూసి, దాని తేలికదనానికి ఆశ్చర్యపోయి, అక్కడి శాస్త్రవేత్త అబ్దుల్ కలాంను తన రోగుల దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లతో కాళ్లీడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ సిద్ధమైందని కలాం చెప్పేవారు.

పేరు పదార్థానికి వచ్చింది కానీ, సగం ఘనత ఆకారానిదే. మోకాలి కింద ముందువైపు ఒక గట్టి పట్టీ ఆనుకుని ఉంటుంది. అడుగు నేలకు ఆనగానే నేల ఇచ్చే ప్రతిబలం ఆ పట్టీ ద్వారా మోకాలిని వెనక్కి నెట్టి, కాలు కుంగకుండా ఆపుతుంది. తొడదాకా కడ్డీలు అక్కర్లేదు. కాలిపర్ అంటే పోలియోయే గుర్తొస్తుంది; దేశం 2014లో పోలియో రహితంగా గుర్తింపు పొందింది కదా, ఇక ఇదెందుకు అనవచ్చు. సెరిబ్రల్ పాల్సీతో మోకాళ్లు వంచి నడిచే పిల్లల్లో కొందరికి ఇదే సూత్రం పనికొస్తుంది. ఖర్చు కూడా ఒక్కసారితో తీరదు. బిడ్డ ఎదిగేకొద్దీ కాలిపర్ మార్చక తప్పదు. అందుకే ఒక్కసారి పంచే శిబిరం చాలదు, మళ్లీ కొలిచే వర్క్‌షాపు దగ్గర్లో ఉండాలి. మీ ఇంట్లో కాలిపర్ వాడే బిడ్డ ఉంటే, అది బిగుతైందేమో ఈ వారమే చూడండి.