ఉప్పు పడకముందే.. ఓ గరిటె పక్కకు!

కోడిగుడ్డు కూర వండటం రాని ఇల్లు ఉండదేమో. కూరగాయలు నిండుకున్న రోజైనా, చుట్టాలు చెప్పకుండా దిగిన రోజైనా ఆదుకునేది అదే. కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇంట మాత్రం మూకుడు పొయ్యి మీద పెట్టగానే ఓ సందేహం పీడిస్తుంది. పథ్యంలో ఉన్న పెద్దాయనకు ఈ కూర పెట్టొచ్చా? ఆయనకు వేరేగా వండాలా? రోజూ రెండు వంటలు కుదరక కొందరు ఇంటిల్లిపాదికీ గుడ్డు మానిపించేస్తారు. ఇంకొందరు ఆయనొక్కరికే చప్పిడి మెతుకులతో సరిపెడతారు. మొదటి పనితో పిల్లలు, గర్భిణులు నష్టపోతారు. రెండో దానితో జబ్బుపడ్డ మనిషి మరింత నీరసించిపోతారు. నిజానికి ఈ రెండూ అక్కర్లేదు. ఒకే మూకుడులో అందరికీ వండుకోవచ్చు. ఏ దశలో గరిటె పక్కకు తీయాలో తెలిస్తే చాలు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస.. ఈ మండలాల్లో మధుమేహం, అధిక రక్తపోటు లేనివారికీ దీర్ఘకాల కిడ్నీ జబ్బు వస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వైద్యం ఆసుపత్రిలో జరిగినా పథ్యం నడిచేది వంటింట్లోనే కదా.

గుడ్డులో ఏముంది?

ఒక మామూలు గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఇందులో సగానికి పైగా, అంటే దాదాపు 3.6 గ్రాములు తెల్లసొనలోదే. కొవ్వు, కొలెస్ట్రాల్, విటమిన్ ఎ, డి, బి12లో ఎక్కువ భాగం పచ్చసొనలో ఉంటాయి. ఫాస్ఫరస్ కూడా దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఫాస్ఫరస్ బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది. ఎముకలను గుల్ల చేస్తుంది, ఒళ్లంతా దురద పుట్టిస్తుంది. అందుకే వీరికి తెల్లసొన మేలు. అలాగని పచ్చసొన పారేయొద్దు. ఎదిగే పిల్లల కంచంలో వేయండి.

నాటుకోడి గుడ్డుకీ ఫారం గుడ్డుకీ పోషకాల్లో పెద్ద తేడా ఉండదు. పెంకు రంగును చూసి ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

డయాలసిస్‌కు ముందు ఒకలా.. తర్వాత ఒకలా

చాలామంది తికమకపడేది ఇక్కడే. డయాలసిస్ అవసరంపడని దశలో ప్రొటీన్ తగ్గించమంటారు. మామూలుగా కిలో బరువుకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాములు. అంటే 50 కిలోల మనిషికి 30-40 గ్రాములు. అన్నం, పప్పు, పాలు, చేపల్లోని ప్రొటీన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కాబట్టి గుడ్డు తిన్న పూట పప్పు, చేపలు తగ్గించుకోవాలి.

డయాలసిస్ మొదలయ్యాక లెక్క మారుతుంది. ఆ ప్రక్రియలో కొంత ప్రొటీన్ బయటకు పోతుంది. అందుకే కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అదే 50 కిలోల మనిషికి 50-60 గ్రాములన్నమాట. అప్పుడూ పాత భయంతో గుడ్డు ముట్టకపోతే కండ కరిగిపోతుంది, ఇన్‌ఫెక్షన్లు త్వరగా పట్టుకుంటాయి. మీవారు ఏ దశలో ఉన్నారు, రోజుకు ఎన్ని తెల్లసొనలు తినొచ్చు అన్నది డాక్టర్‌ను అడిగి రాసిపెట్టుకోండి.

కావాల్సినవి (నలుగురికి)

గుడ్లు 6, ఉల్లిపాయలు 3, వెల్లుల్లి రెబ్బలు 6, నువ్వుల నూనె 2 పెద్ద చెంచాలు, ఆవాలు, జీలకర్ర అర చెంచా చొప్పున, మెంతులు చిటికెడు, కరివేపాకు 2 రెమ్మలు, పసుపు పావు చెంచా, కారం చెంచాన్నర, ధనియాల పొడి 2 చెంచాలు, చింతపండు చిన్న నిమ్మకాయంత, ఉప్పు తలకొట్టిన ఒక చెంచా, నిమ్మకాయ 1, కొత్తిమీర కొద్దిగా.

తయారీ

ముందు గుడ్లను నీళ్లలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజావి. నిలబడితే కాస్త పాతవి. తేలితే పారేయండి. గుడ్లు మునిగేలా నీళ్లు పోసి, మరిగాక మంట తగ్గించి 10 నిమిషాలు ఉడికించి చన్నీళ్లలో వేయండి. అంతకు మించి ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది. దాంతో హాని లేదు కానీ రుచి తగ్గుతుంది. పెంకు వలిచి తెల్లసొనకు నాలుగు గాట్లు పెట్టండి. గుడ్లను నూనెలో వేయించొద్దు. పులుసులో ఉడికితేనే రుచి పడుతుంది, నూనె కూడా ఆదా.

మూకుడులో నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, మెంతులు, కరివేపాకుతో పోపు పెట్టండి. దంచిన వెల్లుల్లి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేసి, సన్న సెగ మీద ఎర్రబడేదాకా ఓపిగ్గా మగ్గించండి. ఉప్పు తక్కువైన లోటు తెలియనివ్వనిది ఈ మగ్గుడే. పసుపు, కారం, ధనియాల పొడి కలిపి, అర గ్లాసు నీళ్లు పోసి రెండు నిమిషాలు ఉడకనివ్వండి.

ఇప్పుడు ఆగండి. ఇంకా ఉప్పు, చింతపండు పడలేదు. కిడ్నీ రోగికి కావాల్సినంత, ఒక గరిటెడు, చిన్న గిన్నెలోకి తీయండి. అందులో తెల్లసొన ముక్కలు, నాలుగు చుక్కల నిమ్మరసం, కొత్తిమీర వేసి ఒక్క పొంగు రానివ్వండి. ఆయన కూర అయిపోయింది.

మూకుడులో మిగిలినదాంట్లో ఉప్పు, చింతపండు పులుసు, గ్లాసు నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించండి. గుడ్లు వేసి మరో ఐదు నిమిషాలు ఉంచి దించేయండి. పలాస జీడిపప్పు ముద్దో, కొబ్బరిపాలో కలిపే అలవాటుంటే ఈ దశలోనే కలపండి. చింతపండు, కొబ్బరిలో పొటాషియం, జీడిపప్పులో పొటాషియంతో పాటు ఫాస్ఫరస్ ఎక్కువ. అందుకే అవి పడకముందే గరిటె పక్కకు తీయమన్నది.

ఎవరి కంచంలో ఎలా?

పిల్లలకు: పచ్చసొనతో సహా పూర్తి గుడ్డు పెట్టండి. బడిలో, అంగన్‌వాడీలో తింటున్నారు కదా అని ఇంట్లో మానేయొద్దు.

గర్భిణులు, రక్తహీనత ఉన్నవారికి: గుడ్డులో ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే. ఉన్నదీ ఒంటికి సరిగా పట్టదు. కాబట్టి పక్కన మునగాకు వేపుడు ఉండాలి, తినేముందు నిమ్మరసం పిండుకోవాలి. టీ గంట ఆగి తాగాలి. ఐరన్ మాత్రలు మాత్రం గుడ్డు తింటున్నామని ఆపకూడదు.

బీపీ ఉన్నవారికి: రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు మించకూడదు. ఈ కూరలో తలా రెండు గ్రాములు దాటదు. పక్కన ఆవకాయ, అప్పడం పెడితే ఆ లెక్క తప్పినట్టే.

మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారికి: పచ్చసొన ఎన్ని తినొచ్చో డాక్టర్‌ను అడగండి.

ఈ పొరపాట్లు వద్దు

ఉప్పు తగ్గించాలని కిడ్నీ రోగులకు ‘తక్కువ సోడియం’ ఉప్పు వాడొద్దు. అందులో సోడియానికి బదులు పొటాషియం ఉంటుంది. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. ప్రాణానికే ముప్పు.

పచ్చి గుడ్డు తాగితే బలమన్నది అపోహ. ఉడికించిన గుడ్డులోని ప్రొటీనే ఒంటికి బాగా పడుతుంది. పచ్చిదానితో సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకే ప్రమాదమూ ఉంది.

తీరప్రాంతపు ఉక్కలో వండిన కూరను రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు.

ఇక పెద్దాయనను విడిగా కూర్చోబెట్టి చప్పిడి తినిపించక్కర్లేదు. ఈ రాత్రికి అందరి కంచాలూ ఒక్కచోటే పెట్టండి.