సిద్ధాంతమును, సంఘమును

మా దువ్వాడలో నాకొక పూర్వశిష్యుడు కలడు. ఉక్కు కర్మాగారమున ఉద్యోగి. నిరుడు పెండ్లి నిశ్చయమైన పిదప దిగులుతో వచ్చి, "మేష్టారూ, మరల బాప్తిస్మము పుచ్చుకొమ్మనుచున్నారు. పుచ్చుకొన్నచో మా నాయనగారు పెండ్లికి రారట" అనెను. వాడు దక్షిణ ఇండియా సంఘమున శిశువుగా నున్నప్పుడే బాప్తిస్మము పొందినవాడు. కన్య బాప్టిస్టుల యింటిది. తానుగా విశ్వసించి నీట మునిగినదే వారికి బాప్తిస్మము.

ప్రేమ యుండగా సిద్ధాంతము లేల యని నేటివారు తఱచుగా అందురు. వ్యాకరణతర్కములు చదివిన నేను అట్లనలేకపోతిని. క్రీ.శ. 325లో నైసియా సభ, కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని నిర్ణయించినది. పిమ్మట సదృశతత్త్వ మను పక్షమును బయలుదేరినది. గ్రీకుభాషలో ఆ రెండు పదములకు భేద మొక్క యక్షరమే! నవ్వకుడు, ఛాందోగ్యవాక్యమున మధ్వాచార్యులవారు ఒక్క అకారముతో పదవిభాగమును మార్చిన సంగతి మన మెఱుగుదుము గదా.

బాప్తిస్మ మను మాటయు గ్రీకుదే; తెలుగు బైబిలులో అట్లే నిలిచినది. మునుక యన్నచో కొందఱు, ప్రోక్షణ యన్నచో మఱికొందఱు ఒప్పరు. వంగభాషలో కేరీ పక్షమువారు ముంచుట యనియే అనువదింపగా బైబిలు సొసైటీ సాయము మానినది. ఇంగ్లండు బాప్టిస్టులు 1840లో వేఱు అనువాదసమాజమును పెట్టుకొనిరి.

1919లో తరంగంబాడిలో డోర్నకల్ బిషప్పు అజరయ్యగారు మొదలగువారు సంఘముల ఐక్యతకు పిలుపునిచ్చిరి. అది ఫలించుటకు 28 ఏండ్లు పట్టినది. 1945లో గతించిన అజరయ్యగారు దానిని చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైయున్న ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘములవారు కలిసిరి. పెద్ద చిక్కు బిషప్పుల పరంపరను గుఱించినది. బిషప్పు లుందురు గాని, ఆ పదవికి ఫలానా వ్యాఖ్యానమే గ్రాహ్యమని యెవరిని నిర్బంధింపరాదని వ్రాసికొనిరి. విశ్వాసప్రమాణములను మాత్రము సడలింపలేదు. దేనిని బిగింపవలెనో, దేనిని వదలవలెనో తేల్చుటయే నా దృష్టిలో సిద్ధాంతము చేయు అసలు పని. అయినను నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు పలువురు చాలకాలము వెలుపలనే యుండిరి. బాప్టిస్టులు చేరనేలేదు.

1982లో లీమా నగరమున వెలువడిన సంఘముల యుమ్మడి పత్రము పునర్బాప్తిస్మముగా తోచు కార్యమును మానుడని కోరినది. ఈ సంగతి శిష్యునితో చెప్పితిని. వాడు కన్యపక్షపు పాదిరిగారి కడకు పోయెను. ఆయన రెండు దినములు ఆలోచించి, నీటి ప్రసక్తి లేకుండ, సమాజము నెదుట తన విశ్వాసమును తన మాటలలో చెప్పుకొమ్మనెను. ఇది చాలదని ఆ సంఘపు పెద్ద లిద్దఱు నేటికిని అనుచునే యున్నారు. తండ్రి పెండ్లికి వచ్చెను. కడపటి వరుసలో కూర్చుండెను.