గృహ కంప్యూటర్ల కంపైలర్లు

కంపైలరు అనగా మనిషి వ్రాసిన ప్రోగ్రామును కంప్యూటరు నేరుగా నడపగల యంత్రభాషలోకి మార్చే సాఫ్టువేరు. 1980లలో ఇళ్ళకు వచ్చిన 8-బిట్ కంప్యూటర్లలో సాధారణంగా ఉండేది కంపైలరు కాదు, బేసిక్ ఇంటర్‌ప్రిటరు. సభలో వక్త పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం చెప్పే దుబాసీ వంటిది ఇంటర్‌ప్రిటరు. గ్రంథమంతా ముందే అనువదించి ఇచ్చే పండితుని వంటిది కంపైలరు. రెండవ పద్ధతిలో ప్రోగ్రాము చాలా వేగంగా నడుస్తుంది. అయితే కంపైలరును విడిగా కొనవలసి ఉండేది.

భారతదేశంలో

1984లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన "క్లాస్" పథకం క్రింద పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు అందినవి. వీటిలో బేసిక్ రోమ్ చిప్పులోనే ఉండేది; పాస్కల్ కావాలంటే అదనపు రోమ్ చిప్పులు కొనాలి. పూణేకు చెందిన డెసిబెల్స్ సంస్థ మన దేశంలో స్పెక్ట్రమ్ కంప్యూటరును విక్రయించినది. దీనికి తగిన హైసాఫ్ట్ పాస్కల్ క్యాసెట్టుపై లభించేది. బ్రిటనులో దాని వెల 25 పౌండ్లు. 1982లో 48 కిలోబైట్ల స్పెక్ట్రమ్ వెల 175 పౌండ్లు కనుక, ఇది యంత్రం ఖరీదులో ఏడవ వంతు. ఐబీఎం పీసీకి, సీపీ/ఎం యంత్రాలకు 1983లో వచ్చిన టర్బో పాస్కల్ వెల 49.95 డాలర్లు, అనగా నాటి మారకపు రేటున సుమారు 500 రూపాయలు. అమెరికాలో దీనిని కారుచౌక అన్నారు! ఫెరా చట్టం (1973) అమలులో ఉన్న ఆ రోజులలో విదేశీ మారకద్రవ్యం సంపాదించి తెప్పించుకొనుట సామాన్య విద్యార్థికి దుస్సాధ్యం. అందుచేత నకలు ప్రతులు చేతులు మారేవి. 1984లో సవరించిన కాపీహక్కు చట్టం కంప్యూటరు ప్రోగ్రాములకు కూడా రక్షణ కల్పించినది.

ఆబిడ్స్, నాంపల్లి

హైదరాబాదులో నాంపల్లి రైల్వేస్టేషనుకు నడకదూరంలో ఉన్న ఆబిడ్స్ ఆదివారపు పాత పుస్తకాలకు ప్రసిద్ధి. దుకాణాలు మూసి ఉండగా వాటి ముందరి కాలిబాటలపై పుస్తకాలు పరచి అమ్ముతారు. కంప్యూటరు పుస్తకాలు కూడా వాటిలో ఉంటాయి. బేసిక్ పుస్తకంలో అచ్చయిన ప్రోగ్రామును, అది తన యంత్రానికి తగినదైతే, ఇంట్లో టైపు చేసుకొని నడిపించవచ్చు. పాస్కల్ లేదా సీ భాష పుస్తకం కొన్నవారికి కంపైలరు లేనిదే ఆ వీలు లేదు. వారి ప్రోగ్రాము నోటుపుస్తకంలోనే ఉండిపోయేది.

ప్రస్తుత లభ్యత

బోర్లాండ్ సంస్థ తరువాతి కాలంలో టర్బో పాస్కల్, టర్బో సీ పాత కూర్పులు కొన్నింటిని ఉచితంగా ఇచ్చినది. 6502 ప్రాసెసరుకు సీసీ65, స్పెక్ట్రమ్‌లోని జడ్80 ప్రాసెసరుకు జడ్88డీకే అను సీ కంపైలర్లు ఉచితంగా లభిస్తున్నాయి. ఇవి క్రాస్ కంపైలర్లు: నేటి పీసీపై పనిచేస్తూ పాత యంత్రానికి ప్రోగ్రామును తయారుచేస్తాయి. ఆ ప్రోగ్రామును శబ్దంగా మార్చి, స్పెక్ట్రమ్‌కు క్యాసెట్టు రికార్డరు తగిలించే చోట పీసీని తగిలించి వినిపిస్తే అది లోడవుతుంది. యంత్రం లేనివారు ఎమ్యులేటరులో నడుపుకోవచ్చు.