దీనార్‌లో మూడో అంకె

కువైట్‌లో ఒక దీనార్‌కు వెయ్యి ఫిల్స్. అందుకే ముబారక్ అల్ కబీర్ గవర్నరేట్‌లో సబ్హాన్ గోదాము బిల్లు చూసినా, ఖురైన్ దుకాణం రసీదు చూసినా చుక్క తర్వాత మూడు అంకెలు కనిపిస్తాయి. అక్కడి ఓ కంపెనీ జీతాల లెక్కకు ప్రోగ్రామ్ రాయమని ఏఐని అడిగిందనుకుందాం. నిమిషంలో రాసిచ్చేస్తుంది. కానీ ఏ దేశానికో చెప్పకపోతే, లెక్కను రెండంకెలకే కుదించే అవకాశం ఎక్కువ. ఓవర్‌టైమ్ కింద రావాల్సిన 7.254 దీనార్లు 7.25 అవుతాయి. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు. నాలుగు ఫిల్స్ మాత్రం పోతాయి. ఇలాంటి తేడా ప్రతి నెలా, ఎందరో కార్మికుల లెక్కలో రావచ్చు.

కారణం ఈ యంత్రం నేర్చుకునే తీరులోనే ఉంది. అది కోట్ల వరుసల కోడ్ చదివి, ఒక ముక్క తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో పట్టుకుంటుంది. డాలరుకైనా, యూరోకైనా, రూపాయికైనా రెండంకెలే కాబట్టి అదే అలవాటవుతుంది. ‘కువైట్ దీనార్’ అని చెబితే చాలావరకు సరిదిద్దుకుంటుంది. చెప్పాలని తెలిసిన మనిషి మాత్రం ఉండాలి.

వేగం నిజమే. జావాస్క్రిప్ట్‌లో చిన్న సర్వర్ రాయమని పరీక్ష పెడితే, కోపైలట్ అనే ఏఐ సాధనం వాడినవాళ్లు దాదాపు 56 శాతం త్వరగా ముగించారు. అయితే 2025లో మెటర్ అనే సంస్థ, అనుభవజ్ఞులైన డెవలపర్లకు తమ సొంత పాత ప్రాజెక్టుల్లోనే పని ఇచ్చి చూసింది. ఏఐతో వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. తాము వేగం పుంజుకున్నామనే వాళ్లు నమ్మారు!

నన్ను కలవరపెట్టేది వేగం కాదు, తొలి ఉద్యోగం. అమెరికాలో 22–25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నుంచి 2025 జులై నాటికి దాదాపు 20 శాతం తగ్గాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. పెద్ద వయసువాళ్లకు ఆ దెబ్బ తగల్లేదు. నేరం మొత్తం ఏఐదే అనలేం గానీ, కొట్టిపారేయలేం కూడా. ఈ బెంగ మన దగ్గరా ఉంది. రాజంపేట, రాయచోటి నుంచి కువైట్ వెళ్లి డ్రైవర్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా బతుకుతూ పిల్లల బీటెక్ ఫీజులు కట్టిన కుటుంబాలెన్నో. ఆ పిల్లలు ఉద్యోగంలో చేరగానే చేసేది టెస్టింగ్, చిన్న చిన్న బగ్గులు సరిచేయడం. ఏఐ మొదట చేయిపెట్టింది అక్కడే. మూడో అంకె లాంటి సంగతులు ఫ్రెషర్ నేర్చుకునేదీ అక్కడే.

అందుకే ఫ్రెషర్‌ను వద్దనుకోకుండా, ఏఐ రాసిన కోడ్‌ను పరీక్షించే పని అప్పగించాలి. ఉదాహరణకు, కువైట్ కార్మిక చట్టం ప్రకారం నెల జీతగాడికి సర్వీసు ముగిశాక ఇచ్చే మొత్తాన్ని, తొలి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కకడతారు. సరిగ్గా ఐదేళ్లు చేసినవాడికి ఎంత, ఆరేళ్లు చేసినవాడికి ఎంత, మధ్యలో మానేసినవాడికి ఎంత? ఫ్రెషర్ ముందు కాగితం మీద లెక్కగట్టి, ఆ తర్వాత యంత్రం జవాబుతో ఫిల్స్ దాకా సరిపోల్చాలి. తేడా వచ్చినచోట ఎందుకొచ్చిందో సీనియర్ పక్కన కూర్చుని చూపించాలి. ఆ గంటకు కూడా కంపెనీలు జీతం కట్టాలి.