రోగిని ఒత్తిగించడమూ వైద్యమే
పడకపుండ్ల పరిచర్యకు కొలత నేర్పిన నర్సు డోరీన్ నార్టన్

పెద్ద జబ్బుతో ఆస్పత్రిలో చేరిన రోగికి జ్వరం తగ్గుతుంది. ఊపిరి కుదుటపడుతుంది. గండం గడిచిందని బంధువులు తేరుకుంటున్న సమయంలో నడుము కింద పుండు బయటపడుతుంది. జబ్బును గెలిచిన మనిషిని ఈ పడకపుండు నెలల తరబడి మంచానికే కట్టిపడేస్తుంది. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు.

మంచం మీద కదలకుండా ఉన్నవారికి ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తప్రసారం తగ్గిపోతుంది. ఆరోగ్యవంతుడు నిద్రలో కూడా అటూ ఇటూ ఒత్తిగిలుతాడు. మత్తుమందులతో వెంటిలేటరు మీద ఉన్న రోగికి ఆ వీలు లేదు. రక్తపోటును నిలబెట్టే మందులు కొన్ని చర్మానికి చేరే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. నడుము కింది భాగం, మడమలు, తల వెనుక భాగం ముందుగా దెబ్బతింటాయి. మాస్కులు, గొట్టాలు ఒత్తుకునేచోట ముక్కు, చెవులు కూడా పుండ్లు పడతాయి.

రుద్దడం కాదు, తిప్పడం

రోగికి పడకపుండు పడితే చాలావరకు అది జబ్బు తప్పు కాదని, పరిచర్య లోపమని ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే తన పుస్తకంలో రాశారు. అయితే మంచి పరిచర్య అంటే ఏమిటన్న ప్రశ్న వందేళ్ళపాటు అలాగే మిగిలింది. సబ్బుతో, స్పిరిట్‌తో వీపు రుద్దడం, పౌడరు చల్లడం ఆస్పత్రుల్లో ఆనవాయితీగా సాగింది.

ఆ ఆనవాయితీని పరీక్షకు పెట్టిన వ్యక్తి బ్రిటిష్ నర్సు డోరీన్ నార్టన్ (1922–2007). ఆస్పత్రిలోని వృద్ధ రోగులను ఆమె సహచరులతో కలిసి పరిశీలించి, 1962లో ఫలితాలను ప్రకటించారు. పూతలకన్నా రోగిని వేళకు పక్కకు తిప్పి ఒత్తిడి తొలగించడమే మేలని ఆ పరిశోధన తేల్చింది.

ఎవరికి పుండు పడే ప్రమాదం ఉందో ముందే గుర్తించడానికి ఆమె బృందం మార్కుల పద్ధతి కూడా రూపొందించింది. శరీర స్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్రాలపై అదుపు అనే ఐదు అంశాలకు ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. 20కి 14 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే జాగ్రత్త పడాలి. తర్వాత ఆమె అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో వృద్ధుల పరిచర్యకు ఆచార్యులయ్యారు. 1987లో అమెరికన్ నర్సులు బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ పోషణ, చెమ్మ, ఒరిపిడి వంటి అంశాలు చేర్చి ఇంకొక పట్టీని ప్రచురించారు. నేడు ఎన్నో ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో వాడుతున్నది ఈ పట్టీనే.

ముగ్గురు పట్టే పని

వెంటిలేటరు మీది రోగిని తిప్పడం చూసినంత సులువు కాదు. నోటిలోని గొట్టం జారకుండా ఒకరు పట్టుకుంటే ఇద్దరు ఒత్తిగించాలి. తిప్పే సమయంలో రక్తపోటు పడిపోవచ్చు కనుక మానిటరుపై ఒక కన్ను ఉంచాలి. న్యుమోనియా రాకుండా మంచం తలవైపు ఎత్తితే, రోగి కిందికి జారి నడుము దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది. ఈ రెండు అపాయాల మధ్య తూకం చూసుకోవలసింది నర్సే.

పుండు మొదటి గుర్తు, నొక్కినా తెల్లబడని ఎర్రమచ్చ అని పుస్తకాలు చెబుతాయి. మన చామనచాయ, నల్లని చర్మాలపై ఆ ఎరుపు సులభంగా కనబడదు. అందుకే అనుభవం గల నర్సు చేత్తో తాకి చూస్తుంది. చుట్టుపక్కల కంటే అక్కడ వేడిగా, గట్టిగా లేక మెత్తగా ఉంటే అదే హెచ్చరిక.

ఇంటివారు గమనించవలసినవి

మన ఊళ్ళలో పక్షవాతం వచ్చినవారికి, తుంటి ఎముక విరిగినవారికి ఇంటివారే నర్సులు. సుమారు రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి. రోగి స్థితిని బట్టి ఈ వ్యవధి ఎంత ఉండాలో డాక్టరుగారిని గాని, సిస్టరును గాని అడిగి తెలుసుకోవాలి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. కందిన చోట రుద్దరాదు. గాలి రింగు వాడరాదు, దాని అంచులు చుట్టూ ఒత్తి రక్తప్రసారాన్ని అడ్డుకుంటాయి. గాలి పరుపు కొన్నా తిప్పడం మానరాదు. పక్క తడిస్తే వెంటనే మార్చాలి. డాక్టరు వద్దనకపోతే గుడ్లు, పప్పు, పాలు ఆహారంలో ఉండాలి.

పుండును మాన్పిన నర్సు పేరు నలుగురికీ తెలుస్తుంది. పుండే పడకుండా కాపాడిన నర్సు శ్రమ ఎవరి కంటా పడదు. ఒక్క నర్సుకు పదులకొద్దీ రోగులను అప్పగిస్తే, రెండు గంటల నియమం కాగితం మీదే మిగిలిపోతుంది. వార్డుకు మందులు, యంత్రాలు ఎంత అవసరమో, రోగిని వేళకు ఒత్తిగించే చేతులూ అంతే అవసరమని ఆస్పత్రులు నడిపేవారు గుర్తించాలి.