ఆలస్యంగా వచ్చే కళాకారులు – స్టూడియో లెక్కలు

హోసూరు వంటి సరిహద్దు పట్టణంలో రికార్డింగ్ స్టూడియో నడిపేవారికి యంత్రాలకన్న గడియారమే పెద్ద సమస్య. బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లే. అయినా అత్తిబెలె వద్ద వాహనాలు నిలిచిపోతే 10 గంటలకు రావలసిన తబలా విద్వాంసుడు 11.30కి దిగుతాడు. అప్పటికి గాయకుడు గొంతు సవరించుకొని, రెండుసార్లు కాఫీ త్రాగి, విసిగి ఉంటాడు.

నష్టం అక్కడితో ఆగదు. ఎండలోనుండి ఏసీ గదిలోకి వచ్చిన చర్మవాద్యం శ్రుతి నిలవదు. కొంతసేపు ఆ గదిలో ఉంచి మళ్ళీ సరిచేయాలి. ఆ తొందరలో పాడిన పల్లవిని మరునాడు తిరిగి పాడవలసి వస్తుంది. ఈలోగా మధ్యాహ్నపు బుకింగువారు వాకిట నిలిచి ఉంటారు. తప్పు ఎవరిదైనా మాట పడేది స్టూడియో యజమానే.

కనుక బుకింగు నాడే సగం రుసుము తీసుకొని, లెక్క నిర్ణీత సమయం నుండే మొదలవుతుందని రసీదుపై వ్రాయాలి. పావుగంట మినహాయింపు చాలును. నోటిమాట పనికిరాదు, బంధువులతోనైతే మరీను! రెండు బుకింగుల నడుమ అరగంట ఖాళీ ఉంచాలి. ఎదురుచూసే వేళలో క్లిక్ ట్రాకుపై గైడ్ గాత్రం రికార్డు చేసుకోవచ్చు. తబలా తరువాత వేరే ట్రాకుగా చేరుతుంది.

భక్తిగీతాల బృందాల సంగతి వేరు. శుక్రవారం 10.30 నుండి 12 వరకు రాహుకాలమని తొలి పాట మొదలుపెట్టరు. వారికి మధ్యాహ్నమే కేటాయించడం మేలు.