కిటికీ తెర: పగటి చాటు, రాత్రి బయలు

గుంటూరులో మే నెల పగటివేళ వీధికిటికీకి పలుచని తెల్లని నూలుతెర కట్టి చూడండి. లోపలివారికి బాటసారులు కనిపిస్తారు. బాటసారులకు లోపలివారు కనిపించరు. కారణమేమి? వీధిలోని ఎండ గదిలోని వెలుతురుకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఎండ తెల్లని పోగులపై పడి వీధివైపే చెదరుతుంది. గదిలోనుంచి సందుల గుండా వచ్చే కొద్దిపాటి వెలుతురు ఆ తెలుపులో కలిసిపోతుంది.

దీపం వెలిగించగానే వ్యవహారం తలక్రిందులవుతుంది. ఇప్పుడు వెలుగు లోపల, చీకటి వెలుపల. పగలంతా మరుగిచ్చిందని ఆ తెరనే నమ్మి బట్టలు మార్చుకొనేవారు వీధికి కనిపిస్తూనే ఉంటారు! కనుక రాత్రికి చిక్కని నేతగుడ్డ మరొకటి ఉండవలెను.

వేడి సంగతి వేరు. గుంటూరు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉన్నది. మే రెండవ వారంనుంచి జూలై చివరివరకు సూర్యుడు రోజంతా ఉత్తరపువైపునే నడుస్తాడు. దక్షిణపు కిటికీలో ఎండ పడదు. బాధంతా పడమటి కిటికీదే. సాయంకాలపు వాలుటెండ చూరుక్రిందినుంచి దూరుతుంది. దీనికి తెర లోపల కడితే అది తాను కాగి గదిని కాస్తుంది. వెదురు తడికె బయట వ్రేలాడదీస్తే ఆ వేడి బయటిగాలికే పోతుంది. వట్టివేళ్ళ తడికెను తడిపితే, నీరు ఆవిరి అవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. పొడిగా వీచే పడమటి వడగాలికి ఇది చక్కని ఉపాయం. సముద్రపు తేమగాలి తగిలే చీరాలవైపు అంతగా పనిచేయదు.